చీటీలో నేను వదిలేసిన మందు

నా మెడికల్ షాపు గల్లాపెట్టె పక్కన ఒక కత్తెర ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా అదే కత్తెర. నరసాపురం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్లలో షీటుకు షీటు కొనగలిగినవాళ్లు తక్కువ. పది బిళ్ళల షీటులో ఐదు కోసివ్వమంటారు, ఒక్కోసారి మూడు చాలంటారు. అలా ఎన్ని వేల షీట్లు కోశానో నాకు లెక్క లేదు. రాత్రి షట్టరు దించే వేళ ఆ కత్తెర కంటబడితే ఈ మధ్య మనసు ఆగిపోతోంది. నేను అరలోంచి తియ్యకుండా వదిలేసిన షీట్లు గుర్తొస్తున్నాయి.

షుగరు ఉన్నవాళ్ల చీటీలో మామూలుగా నాలుగైదు రకాల మందులుంటాయి. షుగరుకు ఒకటో రెండో, బీపీకి ఒకటి, కొలెస్టరాల్‌కు ఒకటి, అరికాళ్ల తిమ్మిర్లకు విటమిన్ బిళ్ళ ఒకటి. నెలకు అన్నీ కలిపి ఇంతవుతుందని చెప్పగానే ఎదుటి మొహం వాడిపోతుంది. కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెట్టుకుంటారు. మళ్లీ ఓసారి లెక్కపెడతారు. అప్పుడు అడుగుతారు: "ఇందులో ఏది లేకపోయినా పరవాలేదు బాబూ?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం నాకు లేదు. డి.ఫార్మసీ చదివినవాణ్ణి కాబట్టి ఆ సంగతి తెలియదని కూడా అనలేను. అయినా చెప్పేవాణ్ణి, తడుముకోకుండా చెప్పేవాణ్ణి. "ఈ కొవ్వు బిళ్ళ ఆపండి. ఇది గుండె కోసం రాస్తారు. మీ గుండె బాగానే ఉంది కదా." వాళ్లు పెద్ద సాయం చేసినట్టు నా వైపు చూసి, మిగతావి తీసుకుని వెళ్లేవాళ్లు. పై నెల ఆ ప్రశ్న కూడా ఉండేది కాదు. చీటీలో ఆ వరుస మీద నా పెన్ను గీత అప్పటికే పడి ఉండేది. డాక్టరు గారి రాతను ఎంత నమ్మారో నా గీతనూ అంతే నమ్మారు.

ఆ బిళ్ళనే ఎందుకు తీసేశావని నన్ను నేను చాలా రాత్రులు అడిగాను. ముందుగా దొరికిన జవాబు నాకు హాయిగా ఉండేది: లేనివాళ్లకు నాలుగు డబ్బులు మిగల్చాలని. అందులో కొంత నిజముంది. కానీ ఇంకొంచెం లోపలికి వెళ్తే వేరే సంగతి బయటపడింది. షుగరు బిళ్ళ మానేస్తే నాలుగు రోజుల్లో మీటరు చెబుతుంది. బీపీ బిళ్ళ మానేస్తే తల దిమ్ముగా ఉందంటూ వస్తారు. మోకాళ్ల నొప్పి బిళ్ళ లేకపోతే ఆ సాయంత్రమే మనిషి మెట్ల మీద ఉంటాడు. కొలెస్టరాల్ బిళ్ళ మానేస్తే నెలైనా, ఏడాదైనా ఒంట్లో ఏ మూలా చిన్న సడి ఉండదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఆ మందు లేని లోటు పైకి అడగదు కాబట్టి నేనూ పెట్టలేదు. ఏ మందు తీసేస్తే ఎవరూ తిరిగొచ్చి నన్ను నిలదియ్యరో దాన్నే చూసి తీసేశాను.

దాని అడుగున ఇంకొకటి ఉంది. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. చీటీలోని విటమిన్ బిళ్ళ మీద నాకు మిగిలేది ఎక్కువ. కొలెస్టరాల్ బిళ్ళ ధర ప్రభుత్వం అదుపులో ఉంటుంది, మిగిలేది తక్కువ. డబ్బు చాలనప్పుడు ఆ విటమిన్ బిళ్ళ ఆపొచ్చేమో డాక్టరు గారిని అడిగి రమ్మని నేను ఒక్కరికీ చెప్పలేదు. లాభం కోసం చేస్తున్నావని అప్పట్లో ఎవరైనా అని ఉంటే మనసు కష్టపెట్టుకునేవాణ్ణి. ఇన్నేళ్ల తర్వాత వెనక్కి చూసుకుంటే నా చెయ్యి ప్రతిసారీ ఒకే వైపు వెళ్లింది. ప్రతిసారీ ఒకే వైపు వెళ్లినదాన్ని ఏమరుపాటు అనడానికి వీల్లేదు.

నాకూ షుగరుంది. పద్నాలుగేళ్లయింది. మొదటి ఐదారేళ్లు అశ్రద్ధ చేశాను. తర్వాత పట్టుబట్టి అన్నం తగ్గించాను, తెల్లారకముందే లేచి కాలవ గట్టు మీద నడిచాను. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 7.1 వచ్చింది. ఆ అంకెను షాపుకు వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను. నాకు రాసిన కొలెస్టరాల్ బిళ్ళను మాత్రం పిక్కలు లాగుతున్నాయని మూడో నెలలో మానేశాను. ఆ లాగడం బిళ్ళ వల్లనా, నడక వల్లనా అని ఎవరినీ అడగలేదు. మోతాదు తగ్గించవచ్చని, వేరే రకానికి మారవచ్చని తెలిసి కూడా ఆ దారి చూడలేదు. ఊరందరికీ చెప్పిన మాటే నాకూ చెప్పుకున్నాను. నేను కూడా మానేశాను కదా, వాళ్లకొకటి నాకొకటి చెప్పలేదు కదా అని కొన్నాళ్లు ఊరట పొందాను. ఆ ఊరట నిలబడలేదు. నేను చదువుకుని మానేశాను. వాళ్లు నన్ను నమ్మి మానేశారు.

కిందటేడు సంక్రాంతి వెళ్లాక సరుకు లెక్క చూస్తుంటే షీటు వెనక గడువు తేదీలో అంకెలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి కనబడ్డాయి. కళ్లజోడు మార్చాలేమో అనుకున్నాను. వారం తర్వాత ఎదురుగా ఉన్న అర చెక్క నడుమ వంగినట్టు తోచింది. మట్టం చూసి నేనే బిగించిన చెక్క అది. ఎడమ కన్ను మూస్తే తిన్నగా ఉంది. కుడి కన్ను మూస్తే వంకర పోయింది. ఒళ్లు చల్లబడింది.

పద్నాలుగేళ్లలో కంట్లో చుక్కలు వేయించుకుని, కంటిపాప పెద్దదయ్యాక లోపల చూపించుకోవడం నాకదే మొదటిసారి. టైపు 2 షుగరు బయటపడినప్పుడే ఆ పరీక్ష చేయించుకోవాలి, ఆ తర్వాత డాక్టరు ఇంకోలా చెబితే తప్ప ఏటా చేయించుకోవాలి. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపు కూడా చాలాకాలం బాగానే ఉంటుంది. చూపు తగ్గాక వెళ్దామనుకుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది.

డాక్టరమ్మ తెర మీద నా ఎడమ కంటి ఫొటో చూపించింది. నారింజ రంగు వృత్తం, అందులో కొమ్మలు చాచినట్టు రక్తనాళాలు. నడి చూపుకు ఆధారమైన మాక్యులా పక్కన పసుప్పచ్చ చుక్కలు వలయంలా పేరుకుని ఉన్నాయి. చలికాలం పేరిన నెయ్యి పలుకుల్లా ఉన్నాయి.

"ఇవేమిటండీ?" అన్నాను.

"కొవ్వండీ. మీ రక్తంలోంచి కారిందే."

ఆమె ఓపికగా చెప్పింది. రెటీనాలోని సన్న నాళాల గోడలు చాలా బిగువైనవి, లోపలిది బయటికి పోనివ్వవు. ఏళ్ల తరబడి చక్కెర పెరిగి ఉంటే ఆ గోడలకు ఆసరాగా ఉండే పెరిసైట్లనే కణాలు నశిస్తాయి. నాళం అక్కడక్కడా బుడిపెల్లా ఉబ్బుతుంది, కారుతుంది. కారినదాంట్లో నీరు ఉంటుంది, ప్రొటీన్లు ఉంటాయి, కొవ్వును మోసుకుతిరిగే లైపోప్రొటీన్లు కూడా ఉంటాయి. నీరు మళ్లీ ఇంకిపోగలదు. కొవ్వు అంత తేలిగ్గా పోదు. మా వైపు పాత ఇళ్ల గోడలకు వానల్లో చెమ్మ ఎక్కుతుంది. ఎండలకు నీరు ఆరిపోయినా ఉప్పు మాత్రం తెల్లగా పొర కట్టి మిగులుతుంది. నా కంట్లో మిగిలింది అలాంటిదే. హార్డ్ ఎక్సుడేట్లంటారు. అవి మాక్యులా నడిబొడ్డుకు చేరి గట్టిపడితే, వాపు తగ్గించినా పోయిన చూపు పూర్తిగా రాకపోవచ్చు.

"లిపిడ్ ప్రొఫైల్ చివరిసారి ఎప్పుడు చేయించారు?" అని అడిగింది. నేను మాట్లాడలేదు.

మర్నాడు పరగడుపున రక్తం ఇచ్చాను. మొత్తం కొలెస్టరాల్ 262. ట్రైగ్లిజరైడ్లు 310. హెచ్‌డీఎల్ 34. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగించి, దాన్నీ హెచ్‌డీఎల్‌నూ మొత్తంలోంచి తీసేసి ఎల్‌డీఎల్ లెక్క కడతారు. నాకు 166 వచ్చింది. మొత్తంలోంచి ఒక్క హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలే 228 నాన్ హెచ్‌డీఎల్. రక్తనాళాలకు చేటు చేసే కొవ్వు రేణువులన్నీ అందులోకి వస్తాయి. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ. మన దేశంలో షుగరు ఉన్నవాళ్లలో ఈ జంట ఎంత మామూలో కౌంటరు మీదికి వచ్చే రిపోర్టుల్లో రోజూ చూస్తున్నవాణ్ణి. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా జరిపి 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం మన పెద్దవాళ్లలో 81.2 శాతం మందికి రక్తంలో ఏదో ఒక కొవ్వు ఉండాల్సిన తీరులో లేదు. నేను మాత్రం 7.1 అనే అంకెను గుండెకు హత్తుకుని, రిపోర్టులో రెండో పేజీ తిప్పకుండా బతికాను.

కంట్లో ఇంజెక్షన్లు మొదలయ్యాయి. షాపు మూశాక రాత్రిళ్లు కుడి కంటితో చదవడం మొదలుపెట్టాను. తెలుసుకోవాలనే చదివానని చెప్పుకున్నాను గానీ నాకు కావలసింది తీర్పు. నేను దోషినో కాదో ఎవరైనా ఒక్క మాటలో తేల్చాలి.

మొదట నాకు వ్యతిరేకంగానే కనబడింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 1980 ప్రాంతంలో మొదలైన పెద్ద అధ్యయనంలో కొలెస్టరాల్ ఎక్కువున్నవాళ్లకు రెటీనాలో ఈ కొవ్వు చుక్కలు ఎక్కువగా కనబడ్డాయి. అమెరికాలోనే జరిగిన ఈటీడీఆర్ఎస్ అనే మరో అధ్యయనంలో 2,709 మంది రక్తపు కొవ్వులు కొలిచారు. మొత్తం కొలెస్టరాల్ 240 దాటినవాళ్లకు, 200 లోపు ఉన్నవాళ్లతో పోలిస్తే, హార్డ్ ఎక్సుడేట్లు ఉండే అవకాశం రెట్టింపు అని 1996లో ప్రకటించారు. నా 262 ఆ గీతకు ఎంత పైన ఉందో చూసుకున్నాను. మనకు దగ్గరలో చెన్నైలో జరిగిన క్యూర్స్ కంటి అధ్యయనం 2006లో చెప్పిందీ ఆ దారిలోనే ఉంది: మొత్తం కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు షుగరు వల్ల రెటీనా దెబ్బతినే రెటినోపతితో ముడిపడ్డాయి, ఎల్‌డీఎల్ మాక్యులా వాపుతో ముడిపడింది. చండీగఢ్‌లో 30 మందితో చేసిన చిన్న ప్రయోగం మీద 2004లో వ్యాసం వచ్చింది. అటోర్వాస్టాటిన్ తీసుకున్న 15 మందిలో 10 మందికి కొవ్వు చుక్కలు తగ్గాయి, తీసుకోని 15 మందిలో ఇద్దరికే తగ్గాయి. చీటీల్లో నేను గీత పెట్టిన మందు అదే.

ఆ పేరు దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఇంకా చదివితే లెక్క అంత తిన్నగా లేదని తెలిసింది. అన్ని అధ్యయనాలూ ఒకే మాట చెప్పడం లేదు. షుగరు ఎన్నేళ్లుగా ఉంది, చక్కెర ఎంత అదుపులో ఉంది, బీపీ ఎంత, కిడ్నీలు ఎలా ఉన్నాయి అన్నవి ముందు వరుసలో నిలుస్తాయి. రక్తపు కొవ్వులు ఆ వెనక వస్తాయి. 1998లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో బీపీని గట్టిగా అదుపు చేసినవాళ్లలో రెటినోపతి ముదరడం 34 శాతం తగ్గింది. అటోర్వాస్టాటిన్ వంటి స్టాటిన్ల విషయంలో అంత గట్టి రుజువు కంటికి సంబంధించి లేదు. కొవ్వు తగ్గించే మరో మందు ఫెనోఫైబ్రేట్ సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. 9,795 మందితో జరిగిన ఫీల్డ్ ప్రయోగంలో దాన్ని వాడినవాళ్లలో 3.4 శాతం మందికి కంటి లేజరు అవసరమైతే, ఉత్తుత్తి బిళ్ళ వాడినవాళ్లలో 4.9 శాతం మందికి అవసరమైంది. అకార్డ్ కంటి ప్రయోగంలో నాలుగేళ్లకు రెటినోపతి ముదిరినవాళ్లు ఆ మందు వాడినవాళ్లలో 6.5 శాతం, వాడనివాళ్లలో 10.2 శాతం. స్కాట్లండులో 1,151 మందితో చేసిన లెన్స్ ప్రయోగం 2024లో అదే దారి చూపింది: మందు వాడినవాళ్లలో 22.7 శాతం, ఉత్తుత్తి బిళ్ళ వాడినవాళ్లలో 29.2 శాతం. అయితే ఆ మేలు రక్తంలో కొవ్వు తగ్గడం వల్లే వచ్చిందని చెప్పడానికి లేదు. ఆ మందు రెటీనా కణాల మీద వేరే దారిలో పనిచేస్తుండవచ్చని పరిశోధకులు అంటున్నారు. కొవ్వు తగ్గించడానికి పుట్టిన మందు కంటికి మేలు చేసింది, ఆ మేలు కొవ్వు దారిన వచ్చినట్టు మాత్రం లేదు.

ఇక్కడే నా మనసు చేసిన పని చెప్పాలి. అధ్యయనాలు ఏకమాట మీద లేవని తెలియగానే లోపల ఏదో తేలికపడింది. చూశావా, ఆ బిళ్ళ ఆపినంత మాత్రాన కళ్లు పోయాయని ఎవరూ రుజువు చెయ్యలేరు అని ఒక గొంతు పలికింది. రెండు రోజులు ఆ గొంతు నీడన పడుకున్నాను. మూడో రోజు ఇంకో కాగితం చదివాను. గుండె జబ్బు లేని టైపు 2 షుగరు వాళ్లు 2,838 మందికి రోజుకు 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటినో, ఉత్తుత్తి బిళ్ళో ఇచ్చి చూసిన కార్డ్స్ ప్రయోగం అది, 2004 నాటిది. మందు తీసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటివి 37 శాతం తగ్గాయి. గుండె జబ్బు లేనివాళ్లలో! "మీ గుండె బాగానే ఉంది కదా" అని నేను ఎవరికైతే చెప్పానో వాళ్ల కోసమే ఆ బిళ్ళ ఉంది. నేను షాపు తెరిచిన తొలి రోజుల నుంచే ఈ సంగతి లోకంలో ఉంది. కంటి విషయంలో సందేహం చూపించి తప్పించుకుందామంటే గుండె విషయం దారికడ్డంగా నిలబడింది.

అప్పుడు నా తప్పు అసలు రూపం తెలిసింది. శాస్త్రం ఇంకా తేల్చుకోలేక ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తున్న చోట, కౌంటరు వెనక నిలబడి నేను తేల్చేశాను. నాకు తెలియని చోట తెలిసినట్టు మాట్లాడాను. ఇంకొకరి ఒంటి మీద.

ఇక అక్క సంగతి.

మా వీధి చివర లేసు అల్లే అక్క ఉంది. తోడబుట్టింది కాదు, చిన్నప్పటి నుంచి అక్కా అనే పిలుస్తాను. నరసాపురం లేసు అల్లికలో ఆమె చెయ్యి ఎంత సన్నదంటే ఆమె అల్లిన బల్లగుడ్డ మీద గళ్లన్నీ ఒక్క తీరున ఉండేవి. ఎనిమిదేళ్ల కిందట ఆమె చీటీలో గీత పెట్టింది నేనే. కిందటి ఏడాది, నా కన్ను మసకబారిన కొన్నాళ్లకు, మనవరాలి భుజం పట్టుకుని షాపుకొచ్చింది. చెయ్యి కౌంటరు అంచు కోసం వెతుక్కుంది.

"కుడి కంట్లో నడిమధ్య ఏమీ లేదు తమ్ముడూ. మొహం చూద్దామంటే మొహమే ఉండదు, చుట్టూ జుట్టు మాత్రం కనబడుద్ది," అంది. తర్వాత, నాకేదో సంజాయిషీ ఇస్తున్నట్టు, "నువ్వు చెప్పినట్టే వాడాను. ఒక్క పూట మానలేదు," అంది.

నేను మందులు కట్టి ఇచ్చాను. ఏమీ అనలేదు. ఆమెకు షుగరు ఎక్కువే ఉండేది, బీపీ కూడా. కంటి పరీక్షకు వెళ్లమని నేను ఏనాడూ గుర్తు చెయ్యలేదు. అన్నిటిలో ఆ బిళ్ళ వంతు ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. కానీ ఆ పూట నేను ఊరుకోవడానికి ఇవేవీ కారణం కాదు. భయపడ్డాను. ఊళ్లో తెలిస్తే షాపు ఏమవుతుందోనని భయపడ్డాను.

చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని దారాన్ని వేళ్లతో తడుముకుంటూ ఏదో అల్లుతోంది. గీత పెట్టిన రోజు నుంచి మొత్తం చెప్పాను, విటమిన్ బిళ్ళ మీద మిగిలే డబ్బుతో సహా. ఆమె చేతులు ఆగాయి.

"అయితే అది వేసుకునుంటే నా కన్నుండేదా?"

"నాకు తెలియదక్కా."

ఇరవై రెండేళ్లలో మందు గురించి అడిగినవాళ్లకు ఆ మాట చెప్పడం అదే మొదలు. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్లారు. చివరికి, కోపం లేకుండానే, "తెలియనప్పుడు ఆ రోజే తెలియదని చెప్పాల్సింది తమ్ముడూ. నేను కాళ్లీడ్చుకుంటూ అయినా వెళ్లి డాక్టరునడిగేదాన్ని," అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు డబ్బు చాలనివాళ్లు వస్తే అన్ని మందులూ పది రోజులకు సరిపడా కోసి ఇస్తున్నాను. నెలకు నాలుగు రకాలిచ్చి ఒకటి మాన్పించే బదులు ఈ పని మొదటి రోజే చెయ్యగలిగి ఉండేవాణ్ణి. అదే కత్తెర, అదే షీటు. అదే మందు జనరిక్‌లో చవగ్గా దొరికితే డాక్టరును అడిగి మార్చుకోమంటున్నాను. షుగరు వాళ్లందరినీ రెండు మాటలు అడుగుతున్నాను: ఈ ఏడాది చుక్కలు వేయించుకుని కళ్లు చూపించారా, లిపిడ్ ప్రొఫైల్ చేయించారా అని. ఫెనోఫైబ్రేట్ కంటికి మంచిదటగా, ఇవ్వమని ఒకరిద్దరు అడిగారు. కిడ్నీ పరీక్ష చూడకుండా, స్టాటిన్‌తో కలిపి వాడొచ్చో లేదో డాక్టరు చెప్పకుండా ఇవ్వనని పంపేశాను. నేను మళ్లీ నా బిళ్ళ మొదలుపెట్టాను, తక్కువ మోతాదులో. పిక్కలు లాగడం లేదు. ఎడమ కంటికి అర చెక్క ఇంకా కొంచెం వంగే కనబడుతోంది.

కిందటి నెల అక్క మళ్లీ వచ్చింది, మనవరాలితో. చీటీ నా చేతికివ్వలేదు. ఆ పిల్ల చేతికిచ్చి, "ఒక్కోటి పైకి చదువమ్మా. అతనిచ్చేది పేరు కలుస్తుందో లేదో చూడు," అంది. పిల్ల వేలు పెట్టి చదివింది. షుగరువి రెండు, బీపీది ఒకటి. నాలుగో వరుస దగ్గర ఆగి, పెన్ను గీత కింది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. నేను ఆ షీటు తీసి కౌంటరు మీద పెట్టాను. ఆ పిల్ల దాన్ని వెనక్కి తిప్పి, పేరు చూసి, చీటీ చూసి, మళ్లీ పేరు చూసింది. అది అయ్యేదాకా కత్తెర ముట్టుకోకుండా నిలబడ్డాను.